మంచు పడితే ఆయనే కిందికి వస్తాడు



పోయిన వారం కిరాతార్జునీయం వీడియోలో మాటవరసకు ఒక ముక్క అనేశాను. తుంగనాథ్ గుడి ఇంకో కిలోమీటరు ఉందనగా వెనక్కి తిరిగి వచ్చినవాణ్ణి నేను అని. చెప్పింది అర్జునుడి గురించి, అందరూ పట్టుకున్నది మాత్రం ఆ ముక్కనే. "అంత దూరం పోయి దర్శనం చేసుకోకుండా వస్తారా?" అని కొందరు. "నిజంగా భక్తి ఉంటే శివుడు చూసుకుంటాడు కదా గురూజీ" అని ఇంకొందరు. (నన్ను గురూజీ అనకండి, దయచేసి. మా హిందూపురంలో ఇంకా నన్ను పలానా వాళ్ళ అబ్బాయి అనే పిలుస్తారు.) ఈ రెండో మాటకు జవాబు చెప్పకపోతే తప్పవుతుందని ఇది రాస్తున్నాను. ఆ మాట నమ్మి ఎవరో ఒకరు రేపు మంచులో ఇంకో కిలోమీటరు నడుస్తారని నా భయం.

కొన్నేళ్ల కిందట దీపావళికి నలుగురం బయల్దేరాం. నేను, పెనుకొండ మిత్రుడు ఒకడు, ధర్మవరం మిత్రుడు ఒకడు, వాడి తమ్ముడు. మేం ముగ్గురం బెంగళూరులో ఉద్యోగాలు, తమ్ముడు డిగ్రీ చివరి సంవత్సరం. ఒక్కొక్కరి వీపు మీద పన్నెండు కిలోల సంచి. మా అవ్వ గుమ్మంలో నిలబడి ఒకటే గొణుగుడు: "ఏమిరా, పండగ పొద్దు ఇల్లిడ్సిపెట్టి కొండలకు పోతాండారా? ఆడ మంచు పడుతుందంట గదా!" "అవ్వా, అక్టోబరులో పడదులే" అని నవ్వినాం.

మాకు మంచు గురించి తెలిసింది ఎంతని? మన భాషలోనే చూడండి. ధనుర్మాసంలో తెల్లారి గడ్డి మీద కనిపించేదీ మంచే, లేపాక్షి రోడ్డు మీద బస్సు లైట్లను కప్పేసేదీ మంచే, హిమాలయం మీద నిలువెత్తు పడేదీ మంచే. పదిహేను డిగ్రీలకు మఫ్లర్ చుట్టుకునే ఊరు మాది. అనంతపురం, సత్యసాయి జిల్లాల్లో వాన పడితేనే కబురు, ఇక మంచు సంగతి ఎవరికి తెలుసు? హిమాలయం అంటే హిమానికి ఆలయం, అంటే ఇల్లు అని నేనే ఎన్నో వీడియోల్లో గొప్పగా చెప్పాను. మంచు ఇంటికి పోయి, మంచు ఇంట్లోనే ఉందేమిటి అని ఆశ్చర్యపోతే ఎట్లా?

మేం ఎంచుకున్న దారి చాలామంది బెంగళూరు కుర్రాళ్ళు ఎంచుకునేదే. ఋషికేశ్ నుంచి ఊఖీమఠ్ మీదుగా సారీ అనే పల్లె, అక్కడి నుంచి దేవరియా తాల్ అనే చెరువు, అడవిలో నడిచి చోప్తా, చోప్తా నుంచి తుంగనాథ్. పంచ కేదారాల్లో ఎత్తైనది తుంగనాథ్, సుమారు 3,680 మీటర్లు. కురుక్షేత్రం తర్వాత పాపం పోగొట్టుకోవడానికి పాండవులు శివుణ్ణి వెతుక్కుంటూ వస్తే, ఆయన దొరకకుండా నంది రూపంలో గుప్తకాశి దగ్గర మాయమై, ఐదు చోట్ల ఐదు అంగాలుగా తేలాడని అక్కడి కథ. మూపురం కేదార్‌నాథ్‌లో, బాహువులు తుంగనాథ్‌లో, నాభి మధ్యమహేశ్వర్‌లో, ముఖం రుద్రనాథ్‌లో, జటలు కల్పేశ్వర్‌లో. చోప్తా నుంచి తుంగనాథ్‌కు నాలుగు కిలోమీటర్లకు లోపే, అదీ రాళ్ళు పరిచిన బాట. మా పెనుకొండ వాడు "మా కొండ మీద నరసింహస్వామి గుడికి ఎక్కినంతే కదరా" అన్నాడు. ఎండలో అయితే వాడన్నది మరీ తప్పు కాదు.

దీపావళి అమావాస్య రోజు దేవరియా తాల్ చేరాం. నీళ్ళలో చౌఖంబా శిఖరం తలకిందులుగా కనిపించే చోటు. యక్షుడు ధర్మరాజును ప్రశ్నలడిగిన చెరువు ఇదేనని అక్కడివాళ్ళు చెబుతారు. భారతంలో అది ద్వైతవనంలో జరిగిన కథ, అయినా పేచీ వద్దు. ఆ చెరువు ఒడ్డున కూర్చుంటే ఆ కథ ఎవరికైనా గుర్తొస్తుంది. ఆ సాయంత్రం టీ అమ్మే పెద్దాయన ఆకాశం చూసి "గాలి మళ్ళింది. ఎల్లుండి పైకి పోవద్దు, లేదా రేపే పోయి వచ్చేయండి" అన్నాడు. మేం ఫోన్ తీసి చూశాం. యాప్‌లో సూర్యుడి బొమ్మ ఉంది. ఆ బొమ్మనే నమ్మాం.

యక్ష ప్రశ్నలు అనగానే మనకు ప్రశ్నలే గుర్తుంటాయి. ప్రశ్నల కంటే ముందు ఏం జరిగిందో చూడండి. నీళ్ళు తెమ్మని నకులుణ్ణి పంపితే చెరువు దగ్గర ఒక గొంతు వినబడింది: ఆగు, ముందు నాకు జవాబు చెప్పు, తర్వాత తాగు. నకులుడు ఆగలేదు, తాగాడు, పడిపోయాడు. సహదేవుడూ అంతే. అర్జునుడు ఆ గొంతు మీదికి బాణాలు వేశాడు, తాగాడు, పడిపోయాడు. భీముడూ అంతే. వీళ్ళెవరూ చెడ్డవాళ్ళు కాదు, చేతకానివాళ్ళు అంతకంటే కాదు. దాహం వేసింది. గమ్యం కళ్ళెదుట ఉంది. గొంతు వినబడింది కానీ దాన్ని వాళ్ళు అడ్డు అనుకున్నారు. ధర్మరాజుకూ అంతే దాహం. ఆయన చేసిందల్లా ఆగడం. ఆ గొంతు ఎవరిదని తర్వాత తేలింది? యమధర్మరాజుది, ఆయన తండ్రిది. మనల్ని ఆపేది శత్రువే అయి ఉండాలని ఎక్కడుంది?

ఇదంతా నాకు ఇప్పుడు తెలిసింది. ఆ రాత్రి నేను కూడా యాప్ పార్టీనే.

మర్నాడు అడవి దారిన చోప్తా చేరేసరికి వాన. తమ్ముడి జీన్స్ ప్యాంటు, కాటన్ స్వెట్‌షర్టు తడిసి ముద్దయ్యాయి. వేరే జత ఉంది కానీ "రేపు తెల్లారికి ఆరుతాయిలే" అని అవే టెంట్‌లో తాడు మీద వేశాడు. మూడో రోజు చీకటితోనే ఎక్కడం మొదలుపెట్టాం. అవి ఆరలేదు, అయినా అవే వేసుకున్నాడని మాకు తర్వాత తెలిసింది. మొదటి గంట బాగానే ఉంది. తర్వాత చిన్న చిన్న పలుకులుగా, ఉప్మా రవ్వ చల్లినట్టు మొదలైంది. అందరం కేరింతలు కొట్టాం! జన్మలో మొదటిసారి మంచు చూస్తున్నాం, వీడియోలు తీసుకున్నాం. అరగంటలో బాట కనబడటం మానేసింది. గాలికి మంచు అడ్డంగా వస్తోంది. మాతో వచ్చిన స్థానిక గైడ్ నిలబడిపోయి, దిగుదాం అన్నాడు.

అప్పుడు మా ధర్మవరం వాడు ఒప్పుకోలేదు. ఇక్కడ వాడి మాట మీరు వినాలి, ఎందుకంటే వాడు మొండికేసింది సెల్ఫీ కోసం కాదు. వాళ్ళ నాయన నేతగాడు. నలభై ఏళ్ళు మగ్గం గుంతలో కూర్చున్న మనిషి. ఆ ఏడు ఆయనకు గుండె ఆపరేషన్ అయింది. ఆపరేషన్ గది బయట కూర్చుని వీడు మొక్కుకున్నాడు: నాయన బతికి బయటపడితే తుంగనాథ్ వచ్చి నీ కాళ్ళ మీద పడతా సామీ అని. ఆయన బతికాడు. ఇప్పుడు ఆ సామి ఇంకో కిలోమీటరులో ఉన్నాడు. "మొక్కు తీర్చకుండా యా మొగం పెట్టుకోని పోవల్లరా? పాండవులు ఎనక్కి తిరిగి సూసినారా? ద్రౌపది పడిపాయ, తమ్ముళ్ళు పడిపాయ, ధర్మరాజు ఆగినాడా?"

నేను చానల్ నడిపేవాణ్ణి. భారతం చెప్పేవాణ్ణి. ఆ క్షణంలో నా దగ్గర జవాబు లేదు. చెప్పకుండా ఉంటే బాగుండదు కాబట్టి చెబుతున్నాను: నాకు లోపల వాడన్నదే సబబు అనిపించింది.

గైడ్ వాదించలేదు. తమ్ముడి దగ్గరికి పోయి "జాకెట్ జిప్పు వేసుకో బాబూ" అన్నాడు. వాడు చేతులెత్తాడు. వేళ్ళు జిప్పును పట్టుకోలేకపోతున్నాయి. రెండు మూడు సార్లు ప్రయత్నించి, నవ్వుతూ ఏదో అన్నాడు. ఆ మాట మాకెవరికీ అర్థం కాలేదు. తాగినవాడి మాటలా ముద్దగా ఉంది. అంతసేపూ వణుకుతున్నవాడు ఎప్పుడు మాట తడబడేదాకా వచ్చాడో మేం ముగ్గురం గమనించనే లేదు. వాడు మా వెనక నడుస్తున్నాడు. మేం ముందుకు చూస్తున్నాం.

అన్న మారు మాట్లాడలేదు. గైడ్ మాత్రం దిగుతూ ఒక మాట అన్నాడు, హిందీలో, పెద్ద విషయంలా కాకుండా మామూలుగా: "మహాదేవుడు కూడా కొద్ది రోజుల్లో దిగేస్తాడు భయ్యా. మీరు ఈ రోజు దిగితే తప్పేముంది?" అప్పుడది మమ్మల్ని ఓదార్చడానికి అన్న మాటనుకున్నాం.

చోప్తాలో ఒక చిన్న హోటల్ వాళ్ళు తమ్ముడి తడి బట్టలు విప్పించి, రెండు రజాయిలు కప్పి, చక్కెర బాగా వేసిన టీ కొంచెం కొంచెంగా తాగించారు. చేతులు గట్టిగా రుద్దబోతే వద్దన్నారు, నిప్పు దగ్గరికి ఒక్కసారిగా తీసుకుపోవద్దన్నారు. మా పెనుకొండ వాడు సంచిలోంచి బ్రాందీ తీయబోతే దాన్నీ ఆపారు. అది తాగితే ఒళ్ళు వెచ్చబడినట్టు అనిపిస్తుందే కానీ ఉన్న వేడి కూడా చర్మం దారిన బయటికి పోతుంది. మధ్యాహ్నానికి వాడు మాట సరిగా మాట్లాడాడు. అన్న వాడి పక్కనే గోడకు ఆనుకుని కూర్చున్నాడు, మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ రోజు యమద్వితీయ, మన భగినీ హస్త భోజనం రోజు. అక్కడ చోప్తా వాళ్ళు చెబితే తెలిసింది, అదే ఉదయం కేదార్‌నాథ్ తలుపులు చలికాలానికి మూసేశారని.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. భక్తి ఉంటే శివుడు చూసుకుంటాడు కదా?

మేం బయటపడ్డాం కాబట్టి "శివుడు కాపాడాడు" అని వీడియో చేయడం నాకు తేలిక. చేయలేదు, చేయను. 2024 జూన్ మొదటి వారంలో ఉత్తరకాశి జిల్లాలోని సహస్రతాల్ దగ్గర ఏం జరిగిందో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మన పక్కనే ఉన్న కర్ణాటక నుంచి, ముఖ్యంగా బెంగళూరు నుంచి పోయినవాళ్ళు, గైడ్లతో కలిపి ఇరవై రెండు మంది. జూన్ నెలలో, దిగి వస్తుండగా, మంచు తుఫాను చుట్టేసింది. తొమ్మిది మంది తిరిగి రాలేదు. వాళ్ళలో అనుభవం ఉన్నవాళ్ళు ఉన్నారు, పెద్ద వయసు వాళ్ళు ఉన్నారు. 2013 జూన్‌లో కేదార్‌నాథ్‌లో వేల మంది పోయారు, వాళ్ళలో చాలామంది యాత్రికులే, నోట్లో శివనామం ఉన్నవాళ్ళే. మన నెల్లూరు జిల్లా గాంధీజనసంఘం గ్రామంలో పుట్టిన మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కిన మనిషి. 2015 మార్చిలో ఆండీస్ పర్వతాల్లో వాతావరణం పాడై కనబడకుండా పోయారు, ఏప్రిల్ మొదట్లో ఆయన దేహం దొరికింది. వీళ్ళకు భక్తి తక్కువైందనీ, మాకు ఎక్కువైందనీ అనడానికి నాకు నోరు రాదు. మీరూ అనకండి. మంచు ఎవరి జాతకమూ చూడదు. నన్ను శివుడు కాపాడాడు అనే మాటలో, వాళ్ళను కాపాడలేదు అనే మాట దాగుంటుంది. ఆ ఇళ్ళలో ఎవరైనా మన వీడియో చూస్తే?

మరి శివుడు ఏమీ చేయలేదా అంటే, నాకు తెలిసినంతలో ఆయన చెప్పాల్సింది చెప్పాడు. ఒకసారి టీ కొట్టు పెద్దాయన నోట, ఒకసారి గైడ్ నోట, ఒకసారి ఇరవై ఏళ్ళ కుర్రాడి వేళ్ళతో. వినడం మన పని. కుమారసంభవంలో మంచుకొండ మీద తపస్సు చేస్తున్న పార్వతి దగ్గరికి శివుడు మారువేషంలో వచ్చి మొదట్లోనే ఏం అడుగుతాడో తెలుసా? కావలసినవి దొరుకుతున్నాయా, నీ ఒంటి శక్తికి తగినట్టే తపస్సు చేస్తున్నావా అని. ధర్మం చేయడానికి మొదటి పనిముట్టు ఒళ్ళేనని చెబుతాడు. చెప్పేవాడు శివుడు, వినేది పార్వతి, చోటు హిమాలయం. అందుకే కాటన్ బట్టలు వేసుకుని పోవద్దనడం, ఫలానా గంటకు శిఖరం చేరకపోయినా వెనక్కి తిరగాలని ముందే అనుకోవడం, గుంపులో అందరికంటే నెమ్మదైనవాణ్ణి ముందు నడిపించడం, ఇవన్నీ నాకు యాత్రా నియమాల్లానే కనిపిస్తాయి, కాళ్ళు కడుక్కుని గుడిలోకి పోవడం లాగా.

ఇక పాండవుల సంగతి. మా వాడి ప్రశ్నకు నాకు జవాబు దొరకడానికి నెలలు పట్టింది. మహాప్రస్థానం తిరిగి రాకూడదని బయల్దేరిన ప్రయాణం. రాజ్యం పరీక్షిత్తుకు అప్పగించి, అగ్నులను విడిచిపెట్టి, దేహం వదలడానికే పోయారు. మనం రిటర్న్ టికెట్ కొనుక్కుని పోయాం. ఆ రెండూ ఒకటి ఎట్లా అవుతాయి? అదొక్కటే కాదు. ధర్మరాజు వెనక్కి చూడలేదన్న దగ్గరే మనం కథ ఆపేస్తాం. స్వర్గద్వారం దగ్గర ఇంద్రుడు రథం తెచ్చి ఎక్కమంటే, వెంట వచ్చిన కుక్కను వదిలి రానన్నాడు. అంటే గుమ్మం దాకా పోయి, లోపలికి అడుగు పెట్టకుండా నిలబడ్డాడు. ఆ తర్వాత స్వర్గారోహణ పర్వంలో ఇంకా పెద్ద సంగతి. స్వర్గంలో చూస్తే దుర్యోధనుడు కనబడ్డాడు, తమ్ముళ్ళు కనబడలేదు. వాళ్ళెక్కడ అని వెతుక్కుంటూ పోతే నరకంలో వాళ్ళ గొంతులు. దేవదూత "ఇక తిరిగి పోదాం పదండి" అంటే, నేను రాను, నా వాళ్ళున్న చోటే నాకు స్వర్గం, ఇక్కడే ఉంటాను అన్నాడు. కొండ మీద తమ్ముళ్ళ కోసం ఆగని మనిషి, అక్కడ వాళ్ళ కోసం స్వర్గాన్నే వదిలేశాడు. వ్యాసుడు ఆ రెండు పర్వాలనూ పక్కపక్కనే ఊరికే పెట్టి ఉంటాడా? ఇది మా వాడికి ఫోన్ చేసి చెప్పాను. చాలాసేపు పలకలేదు. తర్వాత "ఇది ఆ పొద్దే చెప్పుంటే బాగుండు" అన్నాడు. నిజమే.

అయినా మొక్కు మొక్కే కదా. అది అట్లా ఉండిపోయింది. మంచు పడిన మర్నాడు ఎట్లాగో జీపులో ఊఖీమఠ్ దిగాం. గది తీసుకుని పడుకున్నాం. ఆ పై రోజు పొద్దున వీధుల్లో జనం. బంతిపూల దండలు, ఊరంతా ఎదురుచూపు. ఎవరొస్తున్నారంటే, "బాబా వస్తున్నారు" అన్నారు. ఏ బాబా? కేదారనాథుడు.

మాలో ఎవరికీ ఈ సంగతి తెలియదు, నాకు కూడా. పుస్తకంలో చదివి ఉంటాను, మనసుకు ఎక్కలేదు. చలికాలం ఆరు నెలలూ కేదార్‌నాథ్ మంచులో మునిగిపోతుంది. యమద్వితీయ రోజు తలుపులు మూసి, స్వామి పంచముఖ ఉత్సవ మూర్తిని డోలీలో పెట్టుకుని నడిచి దిగుతారు. మొదటి రాత్రి రాంపుర్‌లో, రెండో రాత్రి గుప్తకాశిలో, మూడో రోజుకు ఊఖీమఠ్ ఓంకారేశ్వర ఆలయానికి. అక్కడే ఆరు నెలల పూజ. మళ్ళీ తలుపులు ఎప్పుడు తెరవాలో మహాశివరాత్రి రోజు ఆ గుడిలోనే ప్రకటిస్తారు. మన తుంగనాథుడు కూడా అంతే, నవంబరులో మక్కూమఠ్ అనే పల్లెకు దిగుతాడు. మధ్యమహేశ్వరుడు ఊఖీమఠ్‌కే వస్తాడు. రుద్రనాథుడు గోపేశ్వర్‌కు. గైడ్ అన్నది ఓదార్పు మాట కాదు, పంచాంగంలో ఉన్న మాటే!

బ్యాండు వాయిద్యాల మధ్య డోలీ వచ్చింది. మోసేవాళ్ళ భుజాల మీద కొద్దిగా ఊగుతూ. బూట్లకు ఇంకా బురద ఉంది, మూడు రోజులు కొండ దిగి వచ్చినవాళ్ళు. స్వామి ముందు ముసలివాళ్ళు రోడ్డు మీదే సాగిలపడుతున్నారు. పైకి ఎక్కలేని అవ్వలు, చంకలో పిల్లలతో ఉన్న తల్లులు, కర్ర పట్టుకున్న తాతలు, వీళ్ళందరి దగ్గరికీ ఆయనే నడిచి వస్తున్నాడు. మా హిందూపురం వాళ్ళకు ఇంకో చిన్న సంతోషం: కేదార్‌నాథ్ రావల్ అనే ప్రధాన అర్చకులు కర్ణాటక వైపు వీరశైవ సంప్రదాయం నుంచి వస్తారు. మన శ్రీశైలం లాగే ఊఖీమఠ్ కూడా వీరశైవుల పంచపీఠాల్లో ఒకటి. సగం కన్నడం సగం తెలుగు మాట్లాడే మా ఊరి నుంచి రెండు వేల కిలోమీటర్లు పోతే, అక్కడ ఉన్నది మా వైపు వాళ్ళే.

తమ్ముడు రజాయి కప్పుకునే చూశాడు. అన్న నిలబడి, చేతులు జోడించి, ఏడ్చాడు. ఎందుకేడ్చాడో నేను అడగలేదు.

వచ్చాక కార్తీక సోమవారం లేపాక్షి పోయాం, ఆ నలుగురమే. అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన వీరభద్రుడి గుడి మీకు తెలుసు. వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి ఫోటో తీసుకుని వచ్చేస్తాం మనమంతా. ఈసారి పోతే మెడ ఎత్తి మంటపం పైకప్పు చూడండి. రంగులు చాలావరకు వెలిసిపోయాయి కానీ కిరాతార్జునీయం బొమ్మలు ఇంకా ఉన్నాయి. అర్జునుడు హిమాలయంలో తపస్సు చేస్తున్నాడు. పంది మీద ఇద్దరి బాణాలు. నాదంటే నాదని బోయవాడితో గొడవ. ఎన్ని తీసినా తరగని అమ్ములపొదులు ఖాళీ అయిపోయాయి. గాండీవాన్ని బోయవాడు లాగేసుకున్నాడు. కత్తి విరిగింది. రాళ్ళు విసిరాడు, చెట్లు పీకాడు, చివరికి కుస్తీ పట్టాడు, స్పృహ తప్పి ముద్దలా పడ్డాడు. లేచి, ఇక చేసేదేమీ లేక, మట్టితో లింగం చేసి పూలమాల వేశాడు. ఆ మాల ఎదురుగా ఉన్న బోయవాడి తల మీద కనబడింది.

పాశుపతం దొరికింది గెలిచినందుకు కాదు. చేతిలో ఉన్నదంతా అయిపోయి, ఆగిపోయాక దొరికింది. ఇది నేను ఎన్నిసార్లు చెప్పానో. తుంగనాథ్ బాట మీద ఒకసారి గుర్తొచ్చి ఉంటే తమ్ముడు అరగంట తక్కువ వణికేవాడు.

ఆ బొమ్మ కింద నిలబడి మా ధర్మవరం వాడు అన్నాడు: "మొక్కు ఇంకా ఉంది గదరా." నేను వాడితో వాదించాను. కేదారనాథుణ్ణి చూశాం కదా, అందరూ ఒకడే కదా అన్నాను. వాడు ఒప్పుకోలేదు. నేను మొక్కింది తుంగనాథుడికి, అన్నాడు. ఈ విషయంలో వాడే నాకంటే నికార్సయిన భక్తుడని నాకు ఇప్పటికీ అనుమానం.

మరుసటి మార్చిలో, చలి తగ్గాక, డాక్టరును అడిగి, వాడు వాళ్ళ నాయనను వెంటబెట్టుకుని కర్ణాటక ఎక్స్‌ప్రెస్ ఎక్కాడు. తుంగనాథ్ బాట ఆ మనిషి ఈ జన్మలో ఎక్కలేడు. అయితే మార్చిలో తుంగనాథుడు పైన ఉండడు. మక్కూమఠ్‌లో ఉంటాడు, గుడి దగ్గర దాకా జీపు పోతుంది. మొక్కింది కొడుకు ఒక్కడే రావాలని కదా, ఇద్దరూ పోయి కాళ్ళ మీద పడ్డారు. వాళ్ళ నాయన తను నేసిన పట్టు ఉత్తరీయం ఒకటి స్వామికి తీసుకుపోయాడు. ఆపరేషన్ తర్వాత మగ్గం మీద కూర్చుని నేసిన మొదటిది అది, నెలన్నర పట్టింది.

తమ్ముడికి ఇప్పుడు బెంగళూరులోనే ఉద్యోగం. ఈ దీపావళికి మళ్ళీ చోప్తా పోదాం అంటున్నాడు. జిప్పు ఉన్న జాకెట్ కాదు, తల మీంచి తొడుక్కునేది కొన్నాడట.